రాజేశం అసలా, నకలా?

ఎల్లారెడ్డి,
కార్తీక పున్నమ తెల్లారి, శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు సిద్ధిరాములుకు అక్క భూదవ్వ దీవించి రాయించేది. ఇక్కడ నేను, ఎడ్లు, జొన్నచేను అందరం మంచిగనే ఉన్నం. అక్కడ నువ్వు, మరదలు గంగామణి, మీ వకీలు సాబు మంచిగున్నరని తలుస్త.

ముందుగాల ఒక మాట. ఈ ఉత్తరం ముందటి లెక్క ఉండదు. ముందు రాసిచ్చిన పెద్దమనిషి నేనొకటి చెప్తే తానొకటి రాసేటోడు. నిరుడు బర్రె సచ్చిపోయిందని రాయమంటే, కాయితం మీద అశుభం మాట ఎందుకని 'బర్రె కులాస' అని రాసిండు. నువ్వు నెయ్యికని చెంబు పట్టుకొని కామారెడ్డి నుంచి దిగినవు. వాని పీడ వదిలింది. ఇప్పుడు రాసేటోనికి ఖుల్లా చెప్పిన, నా నోట్ల నుంచి ఏది పడితే అది పడ్డట్టే రాయాలె, తిట్టయితే తిట్టే రాయాలె అని. సరే అన్నడు.

ఇగ అసలు సంగతి. నిజామాబాదుల పెద్ద సభ అయితదట గదా. మన ఎల్లారెడ్డి పఠనాలయం సంఘం నుంచి ఒక్క మనిషిని పంపాలె. ఆ మనిషి చేతికి ఒక అర్జీ ఇయ్యాలె. దొరకు, ఊర్లు తిరిగి చూసే దౌరాకు వచ్చే అధికార్లకు ఎవరెవరు వెట్టి చేసిన్రో, ఎన్ని దినాలు బరువులు మోసిన్రో, ఎవరికి దెబ్బలు పడ్డయో అంత అండ్ల ఉన్నది. నలభై ఒక్క మంది వేలిముద్రలున్నయి. అది ఎవరు రాసిన్రో, ఎక్కడ దాగున్నదో నీకు కూడ చెప్ప. సభల చదివితే నలభై ఒక్క ఇండ్లకు మంచిది. దొర చేతిల పడితే ఆ నలభై ఒక్క ఇండ్లు ఉండయి. ఇది మంచిగ యాదిల పెట్టుకో.

పోటీల ఇద్దరున్నరు. ఒకడు రామస్వామి, కనిపించినోనికల్ల తమలపాకులు పంచుతడు. రెండోవాడు రాజేశం. ఖద్దరు కడ్తడు, వెట్టి పోవాలె అంటడు. మా మనసు రాజేశం దిక్కే ఉండె. కాని ఊరంత గుసగుసలు పెట్టిన్రు. రాజేశం దొర కచ్చడం బండిల కూసొని కామారెడ్డి పోయిండట. అమీను సాబు ఇంట్ల చాయ తాగుతడట. ఇంకా, దొర ఉండే గడి వెనక దర్వాజ నుంచి లోపలికి పోంగ మన దుర్గవ్వ కండ్లార చూసిందట.

వెట్టి పోవాలె అనేటోనికి దొర బండెందుకు? పోలీసోళ్ళ చాయెందుకు? వీడు అసలు మనిషా, దొర తయారుచేసిన బొమ్మనా? వారం పది రోజులకోసారి కామారెడ్డికి వస్తడట. నువ్వు కోర్టు మనుషుల నడుమ తిరిగేటోనివి, జర ఆరా తియ్యి. రాజేశంనే అడుగమంటవా? అడిగితే ఎవడైనా నేను మంచోన్ననే చెప్తడు. వాడు దొంగ అయితే మాత్రం, వాని ఖద్దరు పీలికలు చేసి ఎడ్ల కొమ్ములకు కడ్త.

నిశాని: భూదవ్వ, ఎడమచేతి బొటనవేలు.

వ్రాసినవాని మనవి: అవ్వ రాజేశంను తిట్టిన తిట్లలో రెండింటిని నేను ఇదివరకు ఎక్కడా వ్రాసి చూడలేదు. చెవికి విన్నట్లు వ్రాసినాను. అవ్వ అనుమతితో వాటిని ఉత్తరం వెనక పేజీలో పెట్టినాను. మరదలుగారు చదవకుండా చూడగలరు.


కామారెడ్డి,
దయి 17, 1347 ఫసలీ.

పూజ్యురాలైన అక్క భూదవ్వకు తమ్ముడు సిద్ధిరాములు వంగి దండం పెట్టి చేసుకునే విన్నపం. నీ ఉత్తరం చేరింది. గంగామణి వెనక పేజీయే ముందు చదివింది. రెండు రోజులుగా ఆ రెండు మాటలతోనే నన్ను పిలుస్తున్నది.

అక్కా, ఇన్నాళ్ళకు నాకు తగిన పని అప్పగించినావు. పన్నెండేళ్ళుగా వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను. అసలు దస్తావేజు ఏదో, నకలు ఏదో కాగితం వాసన చూసి చెప్పగలను. మనిషి మాత్రం ఎంత? రాజేశం పేరు మీద ఒక మిసిలు తెరిచి, ఎర్ర దారంతో కట్టి, పైన 'అసలా, నకలా?' అని వ్రాసినాను. ఇంతవరకు అందులో నీ ఉత్తరం తప్ప ఏమీ లేదు. అయినా చూడడానికి గంభీరంగా ఉంది.

దర్యాప్తు మొదలైంది. దొర బండి మాట నిజమే. స్టేషను ముందర చాయ హోటలువాడు చూసినాడు. బండి ఆగింది, ఖద్దరు మనిషి దిగినాడు. దిగి వెంటనే పోలేదు. బండి తోలే మల్లయ్యతో గుసగుసగా అరగంట మాట్లాడినాడు. దొర నౌకరుతో అరగంట మాటలేమిటి? రహస్యం కాకపోతే గుసగుస ఎందుకు? ఈ రెండు ప్రశ్నలూ మిసిలులో వ్రాసినాను. అమీను ఇంటి చాయ గురించి అమీనునే అడగవలసి ఉంది. ఆ పని తీరికగా చేస్తాను. నాకు తొందర లేదు.

కాని రాజేశంను నేనెన్నడూ చూడలేదు. మనిషి ఎట్లా ఉంటాడో గుర్తులు వ్రాయించు. ఇంకొక మాట. నీకు ఉత్తరాలు వ్రాసిపెట్టే ఆయన ఎవరు? దస్తూరి మా కోర్టు నకలు గుమాస్తా కన్నా శుభ్రంగా ఉంది. కాని నీవు మాట్లాడినట్లే వ్రాస్తున్నాడేమిటి? ఉత్తరం చదువుతుంటే నీవు వచ్చి గడపలో నిలబడి తిడుతున్నట్లే ఉంది. నేను రెండుసార్లు లేచి నిలబడ్డాను.

ఇట్లు నీ ఆజ్ఞాబద్ధుడు,
సిద్ధిరాములు.

మరిచినాను: పోటీలో ఉన్న రామస్వామి మా వకీలుగారి స్వంత బావమరిది. ఈ సంగతికి, నా దర్యాప్తుకు ఏమీ సంబంధం లేదు. వకీలుగారు కూడా రోజుకు రెండుసార్లు ఆ మాటే చెబుతున్నారు.


ఎల్లారెడ్డి,
బుధవారం.

తమ్ముడు సిద్ధిరాములుకు అక్క దీవెనలు. నీ ఉత్తరం మిషను దవాఖానల పనిచేసే మరియతోని చదివిచ్చుకున్న. రాసేటోడు ఒకరు, చదివేటోరు ఒకరు. అట్లనే ఉండాలె. ఎందుకని అడుగకు.

నువ్వు మిసిలు పెట్టినవని విని సంతోషమైంది. దారం ఎర్రదో పచ్చదో నాకెందుకురా, మనిషి సంగతి తేల్చు. వచ్చే నెల మొదట్లనే పఠనాలయంల చేతులెత్తుడు ఉన్నది. ఆ దినం అర్జీ ఎవరో ఒకరి చేతుల పెట్టాలె. నాకు తిండి సయిస్తలేదు. మల్లయ్య పెండ్లాం నాగవ్వ రోజు వచ్చి నా మొకం చూసి పోతది. ఏం అడుగది. అడుగకపోతేనే నాకు ఎక్కువ బుగులు అయితది.

రాజేశం గుర్తులు అడిగినవు, రాసుకో. ఖద్దరు అంగీ, భుజం మీద తువాలు, చంకల గొడుగు, చేతిల ఒక గుడ్డ సంచి. సన్నటి మనిషి. ముక్కు మాత్రం పెద్దగుంటది, మనిషి కంటె ముందు ముక్కే వాకిట్లకు వస్తది. రాసేటోణ్ణి అడిగితే ముక్కు మామూలే అన్నడు. నేను పెద్దదనే చెప్తున్న. నడిస్తే నేల దిక్కు చూస్తు నడుస్తడు. అది మంచితనమో, దొంగతనమో నువ్వే చెప్పాలె.

ఇగ జవాబు రాసేటప్పుడు జర సోయి పెట్టి రాయి. నేను అడిగిన ఒక్కొక్క మాటకు ఒక్కొక్క జవాబు ఉండాలె. దొర బండి మాటకు దొర బండి, అమీను మాటకు అమీను, గడి మాటకు గడి. పోయినసారి గడి మాట ఇడిసిపెట్టినవు. నేను చెప్పలేదనుకున్నవా? నేను చెప్పిన. రాసిన కాయితం మళ్ళ తీసి చూడు, గడి ఉన్నదా లేదా చెప్పు. నాకది కావాలె.

రాసేటోడు ఎవరని అడిగినవు. దస్తూరి మంచిగున్నదన్నవు గద, దానితోని సంతోషపడు.

నిశాని: భూదవ్వ.

వ్రాసినవాని మనవి: ముక్కు విషయంలో అవ్వకు, నాకు అభిప్రాయభేదం ఉంది. చాలాసేపు వాదం జరిగింది. చెప్పేది అవ్వ గనుక అవ్వ మాటే ఉంచినాను. కాని తమరు స్వయంగా చూసినప్పుడు న్యాయంగా చూడగలరని ఆశ.


కామారెడ్డి,
దయి 27.

అక్కా, నమస్కారం. కూర్చొని విను. మరియమ్మను కూడా కూర్చొని చదవమను. రాజేశం దొరికినాడు.

ముందు నీ ప్రశ్నలు. గడి మాట నీ మొదటి ఉత్తరంలో ఉంది. దుర్గవ్వ, వెనక దర్వాజ, కండ్లారా చూడడం, అన్నీ ఉన్నాయి. నేనే జవాబు మరిచినాను. అమీను చాయ కూడా ఉంది. ఎడ్ల కొమ్ములు కూడా ఉన్నాయి. ఇక విను.

మొన్న మంగళవారం పగలు బస్సు దిగి ఒక మనిషి బజారు వైపు నడిచినాడు. తెల్లటి అంగీ, తువాలు, గొడుగు, గుడ్డ సంచి. నేల చూస్తూ నడుస్తున్నాడు. ముక్కు సంగతి నిశ్చయంగా చెప్పలేను, నా కళ్ళజోడు కాడ విరిగి కంసాలి దగ్గర ఉంది. అయినా గుర్తులు నాలుగు కలిసినాయి. నేను వెంబడి పోయి బెల్లం అమ్మే అడితిలో దిమ్మల వెనక దాక్కున్నాను. రెండు గంటలు అక్కడే ఉన్నాను. చీమలు నన్ను కూడా సరుకే అనుకున్నాయి.

అక్కా, ఎట్లా వ్రాయను? ఆ మనిషి పట్టపగలు, నడిబజారులో, ఒక ఆడమనిషి చేయి పట్టుకున్నాడు. ఆమె అరవలేదు. పైగా నవ్వింది. ఆమె పోగానే ఇంకొకామె వచ్చి తనంతట తానే చేయి చాపింది. ఈ విధంగా ఏడుగురు. ఒకామెకైతే రెండు చేతులూ పట్టుకున్నాడు. పక్కన ఆమె మొగుడు నిలబడి చూస్తూ బీడీ తాగుతున్నాడు! దొర పలుకుబడి ఎంత దూరం పాకిందో చూసినావా?

తరువాత హోటలులో కూర్చొని మిరపకాయ బజ్జీలు తింటూ మరాఠీలో మాట్లాడినాడు. తువాలు బల్ల మీద పెట్టి చేయి కడుక్కోవడానికి లేచినాడు. నేను నా తువాలు అక్కడ పెట్టి ఆ తువాలు తెచ్చినాను. సాక్ష్యం కోసం తప్ప ఇంకెందుకూ కాదు. ఇంట్లో నీళ్ళలో వేసి ఉడకబెట్టినాను. గంజి అంతా దిగి, తువాలు జల్లెడ మాదిరి అయింది. అక్కా, అది ఖద్దరు కాదు. బొంబాయి మిల్లు బట్ట.

ఫైసలా వ్రాసేసినాను. రాజేశం నకలు.

ఇట్లు,
సిద్ధిరాములు.

మరిచినాను: తువాలు ఉడకబెట్టింది పప్పు వండే గిన్నెలో. గంగామణికి ఇంకా తెలియదు. పప్పు చాలా రుచిగా ఉందని నిన్న మెచ్చుకున్నాను.


ఎల్లారెడ్డి,
ఆదివారం.

తమ్ముడు సిద్ధిరాములుకు అక్క దీవెనలు.

ఏడుగురు ఆడోళ్ళ చేతులా! వాని చేతులిరుగ! వాని తువాలు మీద మన్నుబొయ్య! మొగుడు ముంగట నిలబడంగ పెండ్లాం చేయి పట్టుకునుడు నా పుట్టుకల ఇనలే. ఈ ముచ్చట చెప్తుంటే రాసేటోనికి పొరవోయి దగ్గు మొదలైంది. చెంబెడు నీళ్ళు తాగిచ్చిన. నిమ్మలమైనంక మళ్ళ మొదటి నుంచి చెప్పిన. రెండోసారి దగ్గలే. చెవులు మాత్రం ఎర్రగైనయి.

సిద్ధీ, ఒక్క చిన్న అనుమానం. మొన్న మంగళారం నాడు రాజేశంను నేను కూడ ఎల్లారెడ్డిలనే చూసినట్టు నాకు యాదికున్నది. నా అరుగు మీదనే. కాని నేను ముసలిదాన్ని, సదువు రానిదాన్ని. నువ్వు కోర్టు మనిషివి, కండ్లతోని చూసిన అంటున్నవు. కంసాలి దగ్గరున్న కండ్లద్దాలతోని చూసినవా, ఉట్టి కండ్లతోని చూసినవా, అది నువ్వే ఆలోచన చేసుకో.

ఇంకొక మాట. రామస్వామి నిన్న మా ఇంటికి వచ్చిండు. తమలపాకుల కట్ట అరుగు మీద పెట్టి, 'అవ్వా, అర్జీ నాకియ్యి, నీ తమ్ముడు కూడ నాకే ఇయ్యమంటడు, కావాలంటే అడుగు' అన్నడు. నా దగ్గర అర్జీ ఉన్నదని వానికి ఎవరు చెప్పిన్రు? నేను నీకొక్కనికే రాయించిన. నువ్వెవరికన్న చెప్పినవా? సిద్ధీ, నిజం చెప్పు. నేను తిట్ట. తిట్టే మాటైతే రాయించకుండ బస్సెక్కి నేనే వస్త.

నలభై ఒక్క మంది నన్ను నమ్మిన్రు. ఇది నవ్వులాట గాదు. చేను పోతే మళ్ళ దున్నుకుంట, ఈ నమ్మకం పోతే నేను ఈ ఊర్ల తలెత్తి తిరుగలేను.

నిశాని: భూదవ్వ. ఈసారి జర గట్టిగ ఒత్తిన.

వ్రాసినవాని మనవి: రాజేశం ఆ మంగళవారం పొద్దున నుంచి సాయంత్రం వరకు ఎల్లారెడ్డిలోనే ఉన్నట్లు నా దగ్గర చాలా బలమైన ఆధారం ఉంది. ఆ ఆధారం ఏమిటో వ్రాయవద్దని అవ్వ ఆజ్ఞ. ఈ రెండు వాక్యాలకు కూడా అవ్వను బతిమాలుకోవలసి వచ్చింది.


కామారెడ్డి,
బహమన్ 6.

అక్కా, నీ పాదాలకు దండం.

తప్పు చేసినాను. వరుసగా చెబుతాను.

కళ్ళజోడు వచ్చింది. నిన్న బస్సు దగ్గర మళ్ళీ ఆ మనిషే కనిపించినాడు. నీ ఉత్తరం చదివిన బాధలో ఉన్నాను గనుక నేరుగా పోయి ఎదుట నిలబడి, 'ఏమయ్యా రాజేశం, దొర నీకెంత ముట్టజెబుతున్నాడు?' అని బజారంతా వినేటట్లు అడిగినాను. అతడు నన్ను కింద నుంచి పైకి చూసి, 'కోణ్ రాజేశం?' అని, ఎవరా రాజేశం అని, మరాఠీలో ఎదురడిగినాడు. సంచి విప్పి ముందర పెట్టినాడు. సంచి నిండా గాజులు. అక్కా, ఆయన డోంగ్లి నుంచి వచ్చే గాజులాయన. ఆడవాళ్ళ చేతులు పట్టుకోకుండా గాజులు ఎట్లా తొడుగుతాడు? బెల్లం దిమ్మల వెనక నుంచి నాకు చేతులు కనిపించినాయి, గాజులు కనిపించలేదు.

జనం మూగినారు. నేను 'గాజులు కావాలి' అన్నాను. రెండు డజన్లు కట్టించినాడు. తువాలు ఏదని ఆయన అడగలేదు. నా తువాలే ఆయన భుజం మీద ఉంది, దానితోనే ముఖం తుడుచుకున్నాడు.

గాజులు ఇంటికి తెస్తే గంగామణి చేతికి ఎక్కలేదు. చిన్న కొలత. 'ఇవి ఎవరి చేతికి కొన్నావు?' అన్నది. జరిగింది జరిగినట్లు చెప్పినాను. నమ్మలేదు. నిజం చెబుతున్నప్పుడు నా ముఖం దొంగ ముఖం లాగా ఉన్నదట. దానికి తోడు పప్పు గిన్నె సంగతి కూడా బయటపడింది. ఇప్పుడు కామారెడ్డి బజారులో సిద్ధిరాములు ఎవరికో గాజులు కొన్నాడని చెప్పుకుంటున్నారు. నేను ఎదురుపడితే ఆపి, నేను దాటగానే మొదలుపెడుతున్నారు. అక్కా, మనిషి మీద మాట పడితే ఎట్లా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక పెద్ద తప్పు. అర్జీ సంగతి నేను వకీలుగారి ముందర నోరు జారినాను. మిసిలు గొప్పగా ఉందని చూపించబోయి చెప్పినాను. నిన్న ఆయన రామస్వామితో అంటుంటే తలుపు ఇవతల నుంచి విన్నాను. 'అర్జీ చేతికి రాగానే ముందు దొరగారికి ఒకసారి చూపించు, మర్యాదగా ఉంటుంది. పేర్లు చూసుకుంటారు' అన్నారు. రామస్వామి సరేనన్నాడు.

రామస్వామికి ఇవ్వకు. నా ఉద్యోగం పోయినా సరే, ఈ మాట వ్రాయకుండా ఉండలేను. రాజేశం ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రామస్వామి ఎవరో మాత్రం తెలిసింది. నీకు మనసుకు ఏది తోస్తే అది చెయ్యి. నా ఫైసలా చింపి పొయ్యిలో వేసినాను.

నీ తెలివితక్కువ తమ్ముడు,
సిద్ధిరాములు.

మరిచినాను: చిన్న చేతులున్న పిల్లలు మీ వాడకట్టులో ఎవరైనా ఉన్నారా? రెండు డజన్లు. ఆకుపచ్చవి.


ఎల్లారెడ్డి,
సోమవారం పొద్దున.

తమ్ముడు సిద్ధిరాములుకు అక్క భూదవ్వ మనసార దీవించి రాయించేది. ఏడువకు. తప్పు చేసినవు, మళ్ళ నువ్వే చెప్పినవు. అంత చాలు. నువ్వు గాజులు కొన్నవని ఈడిదాక వచ్చింది. నేను ఎవరినీ అడుగలే. నా తమ్ముడేందో నాకెరుకే. మరదలుకు కూడ చెప్పు, వాడు దొంగతనం చేసేటంత హుషారు మనిషి గాదని అక్క రాయించిందని.

నిన్న పఠనాలయంల చేతులెత్తిచ్చిన్రు. రామస్వామి తమలపాకులు తిన్నోళ్ళల్ల సగం మంది కూడ వానికి ఎత్తలే. రాజేశం గెలిచిండు. నేను రాత్రి కాకముందే ఇంటికి వచ్చి, జొన్నల గుమ్మిల చెయ్యి పెట్టి, అర్జీ తీసి వాని చేతుల పెట్టిన. గుమ్మిల ఉన్నదని ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలే. మరియ రాసిందని కూడ చెప్పలే. ఇప్పుడు ఈ ఉత్తరంల చెప్తుంటే రాసేటోని కలం ఆగింది. ఆగకు, రాయి అంటున్న.

ఎట్ల నమ్మినవు అంటవు. చెప్త.

సిద్ధీ, నీకు ఉత్తరాలు రాసిచ్చింది రాజేశమే. మొదటి ఉత్తరం నుంచి ఈ ఉత్తరం దాక అంత ఆ చెయ్యే. పఠనాలయం అరుగు మీద కూసొని సదువు రానోళ్ళకు ఉత్తరాలు రాసిచ్చుడు వాని పని. నేనే ఇంటికి పిలిపిచ్చి, వాని మీదికి వచ్చిన మాటలన్ని వాని చేతనే రాయించిన. దొర బండి, అమీను, గడి, ఏడుగురు ఆడోళ్ళ చేతులు. నాకు సదువు రాదు గద, ఒక్క గీత కొట్టేస్తే నాకేం తెలుస్తది? బర్రె కులాస అని రాసినట్టు, రాజేశం మంచోడు అని రాసి నా ముంగట ఇంకోటి చదివితే నేనేం చేసేదాన్ని? అందుకనే ఒక్కొక్క మాటకు ఒక్కొక్క జవాబు రాయమని నిన్ను సతాయించిన. నీ జవాబు మరియ చదివింది. గడి ఉన్నది, బండి ఉన్నది, ఎడ్ల కొమ్ములు కూడ ఉన్నయి. తన మీది మాట ఒక్కటి కూడ తియ్యలే. వెనక పేజీ తిట్లు కూడ తియ్యలే.

మరి బండి సంగతేందని అడిగితే, 'అవ్వా, ఎవరింట్ల ఏం రాసిననో ఇంకొకరికి చెప్పొద్దు' అని ఊకున్నడు. వాడు చెప్పలే. మిగిలినోళ్ళే వచ్చి చెప్పిన్రు. అమీను సాబు తల్లి దవాఖానల మరియకు చెప్పిందట, బిడ్డకు ఉర్దూల ఉత్తరం రాసిచ్చేటందుకు వస్తడు, చాయ నేనే ఇస్త అని. గడి వెనక దర్వాజల దొరసాని తల్లిగారింటికి రాయించుకుంటదట. గడప దాటి లోపలికి పోలేదని దుర్గవ్వనే ఒప్పుకున్నది. ఇగ దొర బండి. దాన్ని తోలే మల్లయ్య ఎన్నేండ్ల నుంచి ఉట్టిగ తోలుతున్నడో, ఎన్ని దినాలు ఇల్లు మొకం చూడలేదో, దారి పొడుగున మల్లయ్య చెప్తుంటే రాజేశం రాసుకుంటు పోయిండు. దొర బండిల కూసొని దొర మీదనే! మొన్న మల్లయ్య, నాగవ్వ ఇద్దరు వచ్చిన్రు. మల్లయ్య వేలిముద్ర పెట్టిండు. ఇప్పుడు నలభై రెండు.

ఊరందరి ఇండ్ల ముచ్చట్లు వాని కడుపుల ఉన్నయి. ఒక్కటి బయటికి రాలే. వాని మీద పడ్డ మాటలు మాత్రం వాడే రాసిండు. ఇంతకంటె ఏం చూడాలె చెప్పు. మేం నోరుతోని చెప్పింది సభల ఉన్నదున్నట్టు చదివేటోడు కావాలె మాకు, అంతే గద.

ఇన్ని దినాలు తిట్లు రాయించిన, ఇప్పుడు వాని మీద ఏడు మంచి మాటలు చెప్తున్న, మార్చకుండ రాయాలె. మాట మార్చడు. ఒకరి ముచ్చట ఇంకొకరి ఇంట్ల చెప్పడు. ఇగ ఉంట.

ఆఁ, సిద్ధీ, ఈ ఉత్తరం టపాల రాలే. నిజామాబాదు రైలెక్కాలంటె కామారెడ్డి రావాలె గద. ఎవరు తెచ్చి నీ చేతికిచ్చిన్రో ఇప్పుడు తలెత్తి చూడు. వాడే రాజేశం. నిలబెట్టి చదువుతున్నట్టున్నవు, మొదలు కూసోబెట్టు. మంచినీళ్ళియ్యి. గంగామణిని అన్నం పెట్టుమను, ఆ గిన్నెల గాకుంట. రైలెక్కేదాక నువ్వు వెంబడే ఉండు, వాని సంచిల నలభై రెండు ఇండ్లున్నయి. ఈసారి బెల్లం దిమ్మల వెనక దాగకు, పక్కన నడువు.

ముక్కు కూడ మంచిగ చూడు. కండ్లద్దాలు పెట్టుకొని చూడు. మామూలా, పెద్దదా?

నిశాని: అక్క భూదవ్వ.

వ్రాసినవాని మనవి: మొదటిసారి పేరు వ్రాస్తున్నాను. తమరి జవాబులలో నా మీది మాటలను ఒక్కటీ వదలకుండా తిరిగి ప్రస్తావించినందుకు కృతజ్ఞుణ్ణి. అవి లేకపోతే నేను గెలిచేవాణ్ణి కాదు. నా తువాలు తెచ్చుకున్నాను, ఖద్దరే. తమరు ఉడకబెట్టదలిస్తే అభ్యంతరం లేదు. రాజేశం.

మరియ వ్రాయునది: సిద్ధిరాములు గారికి నమస్కారం. ఉత్తరం మడవకముందు అవ్వకు చదివి వినిపించినాను. అవ్వ వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, ఏడు చెబితే రెండే ఉన్నాయేమని పట్టుకుంది. రాజేశం తల వంచుకొని, 'తిట్లు రాసినంత సులువు గాదవ్వా, చెయ్యి రాలే' అన్నాడు. మిగిలిన ఐదు నన్ను వ్రాయమని అవ్వ అన్నది, రాజేశం వద్దని నా చేతిలో నుంచి కలం లాక్కున్నాడు. ఈ నాలుగు ముక్కలు పెన్సిలుతో వ్రాస్తున్నాను. అవ్వకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. రాజేశం ముఖం వంక చూసి ఇట్లా అన్నది: 'పోనియ్యి మరియా. వాని మంచిమాట వాడు మింగితే మింగనియ్యి. మా నలభై రెండు మందిది మింగకుంటే చాలు.'